నడవలో నాలుగు తరాలు

పల్లెటూరి వసారాలో ఏటవాలుగా వేలాడిన పటాలు ఇప్పుడు పట్నం అపార్ట్‌మెంట్ల ఇరుకు నడవల్లోకి చేరుతున్నాయి. గోడ చిన్నది. మనుషులేమో ఎక్కువ. ఎవరిని ఎక్కడ పెట్టాలి? ఎవరి ఫొటో అసలు లేదు? ఈ ప్రశ్నలతోనే గుంటూరులో ఓ ఇల్లు మూడు నెలలు తలమునకలైంది.

గుంటూరు నుంచి పెదనందిపాడు వైపు ఏ ఊరికైనా వెళ్లండి. రోడ్డుకి అటూ ఇటూ నల్లరేగడి చేలు, పత్తి, మిరప. ఊళ్లో పాతకాలం పెంకుటిల్లు ఒక్కటి మిగిలి ఉన్నా చాలు. అరుగు ఎక్కి వసారాలోకి అడుగుపెట్టగానే తల దానంతటదే పైకి లేస్తుంది. దూలాల కింద గోడ పొడవునా వరసగా పటాలు! గోడకు అడ్డంగా కొట్టిన చెక్కపట్టీ మీద కింది అంచు ఆని, పై అంచు తాడుతో ముందుకు వాలి, వచ్చినవాళ్లను ‘ఎవరబ్బాయివి నువ్వు?’ అని పలకరిస్తున్నట్టు ఉంటాయవి. గాంధీగారు, నెహ్రూగారు, కృష్ణుడి వేషంలో ఎన్టీఆరు, పక్కనే తలపాగాతో ముత్తాత. పటం వెనక ఖాళీలో పిచ్చుక గూడు. పిల్లలు పెద్దయ్యేదాకా ఆ గూటిని ఎవరూ కదిలించరు. పటం దులపడం కూడా అప్పటిదాకా వాయిదానే.

అలాంటి ఇల్లే ఒకటి ఈమధ్య నేలమట్టమైంది. అన్నదమ్ముల పంపకాల్లో స్థలం రెండు ముక్కలైంది. మంచాలు, గాదె, రోలు, తలుపుచెక్కలు ఎవరి వాటా వాళ్లు తీసుకున్నారు. పటాలు మాత్రం ఇద్దరికీ బరువైపోయాయి. పాత దుప్పట్లో మూటకట్టి ఆటోలో వేస్తే, ఎనభై దాటిన నాయనమ్మతో పాటు అవీ గుంటూరు లక్ష్మీపురంలోని రెండు పడగ్గదుల ఫ్లాటుకు వచ్చాయి. నాయనమ్మకు ఓ గది దొరికింది. పటాలకు అటక దొరికింది.

మూడు నెలలు గడిచాయి. ఓ రాత్రి నాయనమ్మ కోడలితో మెల్లగా అంది.

‘అమ్మాయ్, మీ మామయ్యని ఎన్నాళ్లు అటకమీద పడుకోబెడతావు?’

మర్నాడే మూట కిందికి దిగింది.

మూడున్నర అడుగుల దారి

ఆ ఫ్లాటులో హాలు గోడను టీవీ ఆక్రమించింది. మరోవైపంతా కిటికీలు. మిగిలింది హాలు నుంచి పడగ్గదులకు వెళ్లే నడవ ఒక్కటే. వెడల్పు మూడున్నర అడుగులు, పొడవు పదకొండు. ఓ పక్క రెండు తలుపులు, రెండో పక్క ఖాళీ గోడ. ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి దారివ్వాలి. ఇంట్లో ఎవరూ ఆగని చోటు అది. కానీ రోజుకు ముప్పైసార్లు అందరూ నడిచే చోటు కూడా అదే! పెద్దవాళ్లు పిల్లల కంట పడాలంటే అంతకన్నా మంచి గోడ ఏముంది?

మూట విప్పితే పద్నాలుగు పటాలు. నాలుగింటి అద్దాలు పగిలాయి. రెండింటి వెనక అట్టను చెదలు తినేసింది. పిల్లలు ఒక్కో పటాన్నీ తుడుస్తుంటే నాయనమ్మ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని ‘ఈయనెవరో గుర్తు రావట్లేదర్రా’ అంది. గోడ కట్టడం ఎందుకు తొందరపడాల్సిన పనో ఇంట్లో అందరికీ ఆ క్షణానే తెలిసింది.

ఇది కొత్త మోజు కాదు

కుటుంబాన్నంతా ఒక గోడ మీద నిలబెట్టాలన్న కోరిక ఫొటోల కాలంలో పుట్టింది కాదు. గుంటూరుకు కూతవేటు దూరంలోని అమరావతి స్తూపాన్నే తీసుకోండి. సుమారు రెండువేల ఏళ్ల కిందట అక్కడ శిలలు చెక్కించినవాళ్లు రాజులొక్కరే కాదు. మామూలు ఇళ్ల మనుషులూ ఉన్నారు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, పిల్లలు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించినట్టు ప్రాకృత శాసనం చెబుతోంది. తన పేరొక్కటే వేయించుకుని ఊరుకోలేదాయన. ఇంటిల్లిపాదినీ రాతి మీదికి ఎక్కించాడు. ఆంధ్రప్రదేశ్ 2018లో తీసుకున్న రాజముద్ర నడుమ ఉన్నదీ ఆ పూర్ణఘటమే.

ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. ఆ తర్వాత రెండు దశాబ్దాలు గడవకముందే గుంటూరు సీమ రాళ్లు కెమెరా ముందుకొచ్చాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు కెప్టెన్ లినేయస్ ట్రైప్ వాటిని ఒక్కొక్కటిగా ఫొటోలు తీశాడు. ఆ శిల్పాల్లో కొన్ని నేడు చెన్నై మ్యూజియంలో, మరికొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చోటు మారిన వాటికి బొమ్మే ఆనవాలు కావడం మన దగ్గర అంత పాత సంగతన్నమాట.

మామూలు ఇళ్లకు ఫొటో చేరడానికి మాత్రం చాలాకాలం పట్టింది. పెళ్లికో, చదువుకు ఊరు దాటేముందో పట్నం వెళ్లి స్టూడియోలో కూర్చునేవారు. వెనక తెరమీద గీసిన తోట, పక్కన పూలకుండీ ఉన్న స్టూలు, చేతిలో ఒక పుస్తకం. చదువు రానివాళ్ల చేతిలోనూ అదే పుస్తకం! ‘కదలకండి, ఊపిరి బిగపట్టండి’ అన్న స్టూడియో ఆయన మాటకు బిగుసుకుపోయిన ముఖాలే ఇప్పుడు మనకు మిగిలిన తాతయ్యలు. నిజానికి ఇంట్లో వాళ్లు భలే నవ్వించేవారని చెప్పడానికి నాయనమ్మలు ఉండాలి.

గోడ చదివితే జిల్లా చరిత్ర

గుంటూరు సీమలో ఏ ఇంటి పటాల వరసైనా ఓపిగ్గా చూడండి. ఇంటి కథ వెనకే ఊరి కథ కనిపిస్తుంది.

పెదనందిపాడు ఫిర్కా రైతులు 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నులు కట్టబోమని నిలబడ్డారు. ఆ ఉద్యమపు ఇళ్లలో ఖద్దరు టోపీ ఫొటోలు ఇప్పటికీ ఉంటాయి. స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండిన 1972లో సమరయోధులకు ప్రభుత్వం ఇచ్చిన తామ్రపత్రం దొరికితే, దాన్నీ పటం కట్టించి పక్కనే పెట్టారు. ఆ తర్వాత వరసలో కాలేజీ గ్రూపు ఫొటోలు. 1885లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల, అదే మన ఏసీ కాలేజీ, గుంటూరు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు తొలి పట్టభద్రుణ్ని ఇచ్చింది. ఎన్టీఆర్ చదివిందీ అక్కడే. 1946లో గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చాక, తెల్లకోటు ఫొటో గోడకెక్కడం ఇంటి పరువైంది.

పత్తి కలిసొచ్చిన ఏళ్లలో కొత్త ట్రాక్టరు పక్కన నిలబడి తీయించుకున్న రంగు ఫొటోలు కనబడతాయి. వాటి పక్కనే దండ వేసిన చిన్నవయసు ముఖం ఏదైనా ఉంటే, ఎవరూ గట్టిగా అడగరు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. కొన్ని గోడలు ఆ ఏడు దగ్గర ఒక్కసారి మౌనంగా మారిపోతాయి.

ఆపైన మంచులో కోటు తొడుక్కున్న మనవడు, నయాగరా ముందు చీరలో నాయనమ్మ. వరస అక్కడికి వచ్చాక ఆగిపోతుంది. ఎందుకంటే ఆ తర్వాతి ఫొటోలన్నీ ఫోన్లలోనే ఉండిపోయాయి. పద్నాలుగు పటాలున్న ఇంట్లోనే ఫోన్లలో పద్నాలుగు వేల ఫొటోలు. గోడమీద మాత్రం చిన్నమనవరాలి బొమ్మ ఒక్కటీ లేదు!

గోడలే మిగలని ఊళ్ల సంగతి వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, నిజాంపట్నం తీరాన్నీ ముంచింది. ఇళ్లే కొట్టుకుపోయినచోట పటాలు ఎక్కడ మిగులుతాయి? అందుకే పాత ఫొటో ఒకే ఒక్కటి, ఒకే ఒక్క ఇంట్లో ఉండటం మంచిది కాదు.

లేని మనిషి

పద్నాలుగు పటాలనూ హాలు నేలమీద పరిచాక కోడలు లెక్క చూసింది. మగవాళ్లవి పదకొండు. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఫొటో ఒక్కటే. మిగతావన్నీ భర్త కుర్చీ పక్కన నిలబడినవే.

‘అత్తయ్యా, మీ అత్తగారి ఫొటో ఏది?’

‘ఆమె తీయించుకోలేదమ్మా. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దనేది. నా పెళ్లప్పుడు స్టూడియో ఆయన వస్తే వంటింట్లోకి పోయింది. ఇదిగో, ఈ గ్రూపు ఫొటోలో చివర గుమ్మం దగ్గర కనబడే చీరకొంగు ఉందే, అది ఆమెదే.’

ఆ భయం ఆమె ఒక్కదానిదే కాదు. అప్పట్లో ఎన్నో ఇళ్లలో ఉండేది. పరాయి మగాడి ముందు కూర్చోవడానికి బిడియం సరేసరి. 1892లో లాలా దీనదయాళ్ హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, ఓ ఇంగ్లిషు మహిళ చేతికి అప్పగించింది ఆ బిడియం తెలిసే. కానీ అది ఘోషా పాటించే గొప్పింటి స్త్రీల కోసం. పల్లెటూరి రైతు ఇల్లాలి దగ్గరికి అలాంటి స్టూడియో రాలేదు. చాలామందికి తొలి ఫొటో ప్రాణం పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీసినదే. ఈమెకు అదీ లేదు.

నాయనమ్మ ఇంకో మాట చెప్పింది. ఇంట్లో తెల్లకోటు ఫొటో ఉన్నాయన ఆమె చిన్నకొడుకు. అతనికి మెడికల్ సీటు వచ్చినప్పుడు ఇంట్లో డబ్బు లేదు. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం చేనును అమ్మిందామె. ఆ చేను మీద మళ్లీ ఎప్పుడూ కాలు పెట్టలేదట. పొలం వెళ్లేటప్పుడు చుట్టుతిరిగి వేరే గట్టున నడిచేదట. గోడమీద తెల్లకోటు ఉంది. ఆ కోటు కొన్న మనిషి లేదు.

ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో గోడ అలంకరణ కాస్తా వెతుకులాటగా మారింది.

పటాల షాపులో నేర్చిన పాఠాలు

ఈలోగా పని సాగాలి కదా. పగిలిన నాలుగూ పటాలు కట్టే షాపుకు వెళ్లాయి. పాత ఫొటో పటం కట్టించేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, అసలు ఫొటోను గోడకు పెట్టకపోవడం మేలు. దాన్ని స్కాన్ చేయించి, నకలు గోడకెక్కించి, అసలుది ఆమ్లంలేని కాగితంలో చుట్టి పెట్టెలో దాచాలి. స్కానింగు కనీసం 600 డీపీఐ ఉంటే చిన్న ఫొటోను కూడా పెద్దది చేసుకోవచ్చు. ఫొటో అద్దానికి అతుక్కుపోతే గోటితో లాగకండి. ముఖం అద్దంతో పాటే ఊడి వస్తుంది. అద్దం మీదనుంచే వెలుతురు మెరవకుండా ఫొటో తీయించడం క్షేమం. అసలు ఫొటోను లామినేషన్ చేయించడమంత పొరపాటు ఇంకోటి లేదు. మళ్లీ విడదీయలేం.

రెండోది, రంగులు. చక్కగా కడిగిన పాత నలుపు తెలుపు ఫొటోలు వందేళ్లయినా నిలుస్తాయి. ఎనభైల నాటి రంగు ఫొటోలు మాత్రం ఎర్రగా మారిపోతాయి. వాటిలోని నీలి ఛాయ ముందుగా చెదిరిపోవడమే కారణం. స్కాన్ చేశాక కంప్యూటరులో సరిదిద్దవచ్చు. లేదా నలుపు తెలుపుగా మార్చేస్తే పాతవాటి పక్కన చక్కగా అమరుతాయి. పాత ఫొటోలకు క్షణంలో రంగులద్దే యాప్‌లు ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి. ఆ ఇంట్లో మనవడు నాయనమ్మ పెళ్లి ఫొటోకు అలాగే రంగులద్ది చూపించాడు. ఆమె ఓసారి చూసి ‘నా పెళ్లిచీర ఎర్రది కాదురా, ముదురాకుపచ్చ’ అంది. యంత్రం ఊహించి వేసిన రంగు అది. పక్కన ఆ మనిషి ఉంటేనే తప్పు తెలుస్తుంది. పెళ్లి ఫొటో నలుపు తెలుపులోనే ఉండిపోయింది.

మూడోది, నడవ కొలతలు. ఇరుకు దారిలో మనిషి అడుగు దూరం నుంచే చూస్తాడు కాబట్టి పెద్ద పటాలు పనికిరావు. 5x7, 8x10 అంగుళాలు చాలు. ఫ్రేము మందం అంగుళం దాటితే భుజాలకు తగులుతుంది. అన్నింటికీ ఒకే రంగు బీడింగు, లోపల తెల్ల అట్ట అంచు వేయిస్తే వేర్వేరు కాలాల ఫొటోలు కూడా ఒకే కుటుంబంలా కనబడతాయి. అట్ట అంచు అందానికే కాదు, ఫొటోను అద్దానికి అంటకుండా ఆపేదీ అదే.

నాలుగోది, మేకు కొట్టేముందు కాగితం. చదివేసిన దినపత్రికను పటాల సైజుల్లో కత్తిరించి, ఒక్కోదాని మీద పేరు రాసి, టేపుతో గోడకు అతికించాలి. రెండు రోజులు అటూ ఇటూ నడిచి చూస్తే ఏది ఎక్కడుండాలో తెలిసిపోతుంది. వరస నడుమ భాగం నేలనుంచి నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తున ఉంటే పెద్దలకు మెడ నొప్పి రాదు. పటానికీ పటానికీ మధ్య రెండంగుళాల ఖాళీ చాలు. స్విచ్చిబోర్డుకు సరిగ్గా పైన, కింద డ్రిల్లింగు వద్దు. గోడలో వైర్లుంటాయి. గోడ అవతల బాత్రూము ఉంటే ఆ భాగం వదిలేయాలి. చెమ్మకు ముందు ఉబ్బేది ఫొటోయే. పటం వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గాలి ఆడుతుంది. ఒకప్పుడు పిచ్చుకలకు వదిలిన జాగా అన్నమాట!

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. పటం వెనక పేరు, ఊరు, ఏడాది, ఎవరికి ఏమవుతారో రాయాలి. ఫొటో మీద నేరుగా రాయాల్సివస్తే మెత్తటి పెన్సిలే వాడాలి. పేరు పోయిన ఫొటో ఇంకొక్క తరం గడిస్తే ఎవరిదో అయిపోతుంది.

దక్షిణం గోడా... దండలా?

కాగితాలు అతికించగానే చర్చ మొదలైంది. పోయినవాళ్ల పటాలు దక్షిణం గోడకే ఉండాలని ఇంటిపెద్ద పట్టు. నడవలో గోడ పడమటిది. పోయినవాళ్లనూ బతికున్నవాళ్లనూ కలిపి పెడతారా అని ఫోన్లో ఓ పెద్దమ్మ అభ్యంతరం. దేవుడి గదిలో పెద్దల పటాలు పెట్టకూడదన్నది అందరూ ఒప్పుకున్న మాట. మిగతావాటికి నాయనమ్మే తీర్పు చెప్పింది.

‘ఊళ్లో ఏ గోడ ఖాళీగా ఉంటే ఆ గోడకు కొట్టారు మీ తాతలు. దండలు వేయొద్దు. దండ వేస్తే పిల్లలు దణ్ణం పెట్టి పోతారు. వేయకపోతే ఆగి చూస్తారు.’

అలా ప్లాస్టిక్ దండలూ, ఎర్రటి జీరో బల్బులూ అటకమీదే ఉండిపోయాయి. పంపకాల నాటినుంచి మాటల్లేని అన్నదమ్ములకు కూడా ఈ గోడే ఓ సాకైంది. ఇద్దరూ తమకే కావాలన్న పెళ్లి గ్రూపు ఫొటోను స్కాన్ చేయించి, ఓ నకలు పటం కట్టి తమ్ముడింటికి పంపారు. తిరుగు ఫోను వచ్చింది. ‘వదినా, ఆ గుర్తు తెలియని ఆయన మన మేనత్త మామగారు’ అని. పద్నాలుగో పటం వెనక పేరు చేరింది.

బొటనవేలంత

చీరకొంగు ఆమె సంగతి మాత్రం మిగిలిపోయింది. గ్రూపు ఫొటోలో ఆ కొంగు భాగాన్ని పెద్దది చేస్తే మసక మచ్చ తప్ప ఏమీ రాలేదు. పోలిక ఉన్న కూతురి ఫొటో చూసి బొమ్మ గీయిద్దామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. ‘ఆమె కాని ఆమెను పెట్టొద్దు’ అంది.

ఆమె చేను కొన్నవాళ్లు ఊళ్లోవాళ్లే. కోడలు ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్లి అడిగింది. ఆ ఇంటాయన ముందు అనుమానంగా చూశాడు. పాత దస్తావేజుల కోసం వచ్చారంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది కదా. సంగతి విన్నాక లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తీసి, మడతల దగ్గర చిరిగిన స్టాంపు కాగితాలు జాగ్రత్తగా మంచం మీద పరిచాడు. ఆఖరి పేజీలో, రాయసకాడి గుండ్రటి అక్షరాల మధ్య నల్లటి మరక. పక్కన ఆమె పేరు, ‘వేలిముద్ర’ అన్న మాట. సిరా కాస్త ఎక్కువై గీతలు ఒకవైపు అలుక్కుపోయాయి. మిగతా వైపు స్పష్టంగా ఉన్నాయి.

ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకుంటుంటే ఆయనే కిటికీ తలుపు తెరిచి వెలుతురు వచ్చేలా నిలబడ్డాడు.

ఇప్పుడు ఆ నడవలో పదిహేను పటాలున్నాయి. తెల్లకోటు ఫొటో పక్కనే 5x7 సైజు ఫ్రేములో, తెల్ల అట్ట నడుమ, అరచేతిలో పట్టేంత పెద్దది చేసిన బొటనవేలి ముద్ర. ముఖాల మధ్య అదేమిటని వచ్చినవాళ్లందరూ అడుగుతారు. సమాధానం చెప్పే పని ఎనిమిదేళ్ల చిన్నమనవరాలిది. తన ఫొటో కూడా గోడకెక్కింది కాబట్టి ఆ పిల్ల దాన్ని తన పనిగానే తీసుకుంది.

నాయనమ్మ రోజూ రాత్రి గదిలోకి వెళ్తూ నడవలో గోడ పట్టుకుని నడుస్తుంది. ముద్ర ఉన్న పటం దగ్గర చేయి ఓ క్షణం ఆగుతుంది. ఊతం కోసమేనంటుంది. పదహారో మేకు ఒకటి చివర ఖాళీగా ఉంది. దానికి ఏం పెట్టాలని పిల్లలు అడిగితే, ‘అది నాకు. ఇంకా తొందరేం లేదు’ అని నవ్వుతుంది.